బోర్లించిన పళ్లెం

నీళ్ల తొట్టి దగ్గర ఎవరి పళ్లెం వాళ్లు తోముకుంటున్నారు. ఆడవాళ్లది ఒక వరస, మగవాళ్లది ఒక వరస, అందరివీ తెల్లబట్టలే. కొబ్బరిపీచుకి బూడిద అద్దుకుని రుద్ది, చెంబుతో నీళ్లు పోసుకుని, తడి పళ్లేన్ని భోజనశాలలోకి తీసుకెళ్లి చెక్క అరల్లో నిలబెట్టి వస్తున్నారు. అరవై మంది దాకా ఉంటారు. మాటా పలుకూ లేదు. ఒక ముసలమ్మ చేతులు వణికి పళ్లెం రెండుసార్లు జారిపడింది. పక్కనే ఉన్న పడుచుపిల్ల చెయ్యి ముందుకు చాపి, అంతలోనే వెనక్కి తీసుకుంది. ముసలమ్మే నడుం పట్టుకుని వంగి తీసుకుంది.

గేటు దగ్గర రిజిస్టరులో పేరు రాస్తూ రజిత ఇదంతా చూసింది.

"టైము కూడా వెయ్యండమ్మా" అన్నాడు గేటు కాసే పాల్. యాభై దాటిన మనిషి. "తొమ్మిదీ పది. సెల్లు ఇక్కడ పెట్టి వెళ్లాలి. లోపలికి సెల్లు తీసుకెళ్లకూడదు."

"బయటోళ్లు ఎవరొచ్చినా రాస్తరా ఇందుల?"

"రాకా, పోకా, రెండూ రాస్తానండి. అబద్ధం రాసిన చేత్తో రొట్టె ముట్టుకోకూడదు మేము."

రజిత సోమవారం పేజీ దాకా వెనక్కి తిప్పింది. పాల్ అడ్డు చెప్పలేదు. ఒక వంకర సంతకం దగ్గర ఆమె వేలు కాసేపు ఆగింది. ఆ తర్వాత రిజిస్టరు మూసి, సెల్లు ఆయన చేతికిచ్చి లోపలికి నడిచింది.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌ వెనక ఉన్న ఈ ఆవరణని చుట్టుపక్కల వాళ్లు తెల్లబట్టలోళ్ల కాంపౌండ్ అంటారు. లోపలివాళ్లు మాత్రం తమని ఏర్పరచబడిన మంద అని చెప్పుకుంటారు. నలభై ఏళ్ల కిందట గుంటూరు వైపు నుంచి పన్నెండు కుటుంబాలు వచ్చి పదడుగుల గోడ కట్టుకున్నాయి. పుట్టుక లోపలే, పెళ్లి లోపలే. చదువంటే బైబిలు వాక్యం చదవడం వచ్చేదాకానే. బడి సర్టిఫికెట్టు లేదు, ఆధార్ కార్డు లేదు. బయటికి వెళ్లిన పిల్ల తను ఫలానా అని రుజువు చేసుకోవడానికే ఏడాది పడుతుంది.

ప్రిసిల్లాకి పద్నాలుగు నెలలు పట్టింది. ఇరవై మూడేళ్ల ఆ అమ్మాయి మూడేళ్ల కిందట ఇక్కడినుంచి వెళ్లిపోయి, సీతాఫల్‌మండిలో జిరాక్స్ షాపులో పనిచేస్తూ ఓపెన్ స్కూల్లో పదో తరగతి పాసయింది. ఆమె చెల్లెలు జెరూషాకి పంతొమ్మిది. మార్కెట్లో ఆకుకూరలమ్మే నాంచారమ్మ ద్వారా అక్కాచెల్లెళ్ల మధ్య చీటీలు నడిచాయి. మంగళవారం తెల్లవారుజామున జెరూషా మంద ట్రాలీతో కూరగాయలకి వస్తుంది, అట్నుంచి అటే అక్కతో వెళ్లిపోతుంది. ఇదీ ఏర్పాటు. ప్రిసిల్లా నాలుగూ నలభై అయిదు నుంచి ఎనిమిదింటి దాకా మార్కెట్ గేటు దగ్గర నిలబడింది. ట్రాలీ వచ్చింది, వెళ్లింది. చెల్లెలు రాలేదు.

మర్నాడు ప్రిసిల్లా రజిత డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చింది. ఏడవలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"గురువారం పదకొండింటికి లోపలినుంచి వ్యాను వెళ్తుందక్కా, నెలకోసారి. ఏజెన్సీలో కొండ మీద వీళ్లకి ఇంకో ఆవరణ ఉంది. మాట వినని ఆడపిల్లల్ని అక్కడికి ఎక్కిస్తారు. ఎక్కినవాళ్లు తిరిగి రావడం నా ఇరవై ఏళ్లలో చూళ్లేదు."

ఇవాళ గురువారం. వ్యాను భోజనశాల పక్కనే ఆగి ఉంది. వెనక తలుపులు తెరిచి ఇద్దరు మనుషులు బస్తాలు ఎక్కిస్తున్నారు. ముందు వరస సీటు మీద ఎవరో దుప్పటి పరిచి సిద్ధంగా ఉంచారు.

మంద పెద్ద జీవరాజు గదిలో రెండే కుర్చీలున్నాయి. ఒకదాంట్లో ఆయన కూర్చున్నాడు. రెండోదాంట్లో విజయేందర్ కాలు మీద కాలేసుకుని సెల్లు చూసుకుంటున్నాడు. లోపలికి సెల్లు రాకూడదన్న నియమం ఆయన దాకా వచ్చినట్టు లేదు.

విజయేందర్ ఒకప్పుడు ఇన్‌స్పెక్టరు. రజిత నాలుగేళ్లు ఆయన కింద కానిస్టేబుల్‌గా పనిచేసింది. ఆమె వెతికి తెచ్చిన సాక్షిని చూపించి ఆయన మెచ్చుకోలు పత్రం అందుకున్న నెలలోనే రాజీనామా ఇచ్చింది. ఇప్పుడు ఇద్దరూ ప్రైవేటు డిటెక్టివులే. ఆయన ఆఫీసుకి ఏసీ ఉంది.

"ఏందీ రజితా, కుర్చీ లేదా? నిలబడుడు నీకు అలవాటే కదా."

"అలవాటే సార్. నిలబడ్డోళ్లకు జెర దూరం కనబడ్తది."

జీవరాజు నవ్వాడు. అరవై ఏళ్ల మనిషి, మెత్తటి గొంతు. "ఏమీ అనుకోకమ్మా. మా దగ్గర దాపరికం లేదు. పదిన్నర గంట కొట్టేదాకా ఏం చూసుకుంటావో చూసుకో, ఎవర్ని అడుగుతావో అడుగు. ఆ తర్వాత మాకు ప్రార్థన."

"నేను చెప్త విను, నీకు తక్లీఫ్ తప్పుతది" అన్నాడు విజయేందర్. "సోమవారం సాయంత్రం అయిదింటికి ఆ పిల్ల దిండుల తల్లికి చీటీ దొరికింది, అక్క ఫోన్ నంబరుది. అయ్యగారు పిలిచి అడిగిన్రు. పోతా అన్నది. ఆరింటికి అందరు ప్రార్థనల ఉండంగ గేటు తీసుకొని పోయింది. ఆరూ నలభైకి సికింద్రాబాద్‌ల విజయవాడ టికెట్. ఎంబడి ఎవడో పోరడు. గిదో టికెట్, గిదో ఆమె రాసిన లెటర్. ఖతం."

రజిత టికెట్టుని వెలుగులో పెట్టి చూసింది. "రైలెక్కినోళ్ల కాడ ఉండాలె గదా సార్ టికెట్? మీ కాడికి ఎట్లొచ్చింది?"

"రెండు తీసుకున్నరు, ఒకటి పారేసుకున్నరు. స్వీపర్‌కు దొరికింది. అన్నీ నీకు చెప్పాల్నా?"

"జనరల్ టికెట్ మీద పేరుంటదా?"

"పేరుండదు. టైముంటది."

"అవును సార్. టైముంటది" అని ఆమె టికెట్టు తిరిగి ఇచ్చేసింది. "మీరు ఎప్పటిసంది చూస్తున్నరు గీ కేసు?"

"మంగళవారం పగటీలి పిలిచిన్రు. బుధవారం కల్లా తేల్చిన. అంతకుముందు గీ గేటు ఎట్లుంటదో సుత నాకు తెల్వదు. నువ్వు ఇంకా రిజిస్టర్ల పేరు రాస్కుంటనే ఉన్నవ్."

రజిత ఉత్తరం తీసుకుంది. మూడే వాక్యాలు. 'నేను నా ఇష్టప్రకారం వెళ్తున్నాను. నన్ను వెదకవద్దు. నా ముసుగును, నా పళ్లెమును అప్పగిస్తున్నాను.' చేతిరాత జెరూషాదే. ప్రిసిల్లా చూపించిన చీటీల్లోనూ ఇవే అక్షరాలు. కానీ ఆ చీటీల్లో అక్షరాలు గాలికి ఎగిరేట్టుగా ఉండేవి. ఇక్కడ ప్రతి వాక్యం చివర పెన్ను దిగబడి కాగితం చిరిగింది. ఇష్టప్రకారం వెళ్లే పిల్ల ఇంత కోపంగా ఎందుకు రాస్తుంది?

"మేం ఎవర్నీ బంధించేవాళ్లం కాదమ్మా" అన్నాడు జీవరాజు. "వెళ్లినవాళ్ల పళ్లెం బోర్లిస్తాం, అంతే. బోర్లించామంటే ఆ మనిషి మాకు లేనట్టే. పేరు పలకం. ఎదురొస్తే మొహం తిప్పుకుంటాం. పిలవం, ముట్టుకోం, ఆపం. లేని మనిషిని ఎవరైనా ఆపుతారా, నువ్వే చెప్పు."

"గా పళ్లెం ఒకసారి చూడొచ్చా అయ్యగారూ?"

"రా" అని ఆయనే లేచాడు.

భోజనశాల గోడ పొడుగునా చెక్క అరలు. ఒక్కో గాడికి ఒక్కో పేరు. స్టీలు పళ్లేల అంచు మీద కూడా అవే పేర్లు చెక్కి ఉన్నాయి. పళ్లేలన్నీ తడిగా ఉన్నాయి, కొన్నింటి అంచుల నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. రజిత మొదటి గాడి నుంచి చివరి గాడి దాకా నెమ్మదిగా నడిచింది. ఖాళీ గాడి ఒక్కటీ లేదు. పొడి పళ్లెం ఒక్కటీ లేదు. అన్నిటికన్నా పైన, చెయ్యెత్తితే అందే ఎత్తులో, విడిగా ఒక బల్ల. దాని మీద బోర్లించిన పళ్లేలు ఏడు. ఆరింటి మీద దుమ్ము పేరుకుంది. ఏడోది మెరుస్తోంది.

అక్కడ తుడుస్తున్నావిడ చీపురు ఆపి నిలబడింది. నలభై ఎనిమిదేళ్లుంటాయి. బొడ్డులో తాళాల గుత్తి. వంటశాల, కొట్టు అన్నీ ఆమె చేతుల మీదే. జెరూషాకీ ప్రిసిల్లాకీ తల్లి, రోసమ్మ.

"చీటీ మీకే దొరికిందట గదమ్మా?" అంది రజిత.

రోసమ్మ జీవరాజు వైపు చూసింది. ఆయన తల ఊపాక చెప్పింది. "దొరికింది. దిండు గలీబులో. నేనే తీసుకెళ్లి అయ్యగారి చేతిలో పెట్టాను."

"ఎందుకు ఇచ్చిన్రు?"

"ప్రార్థన చేస్తారనుకున్నాను."

"చేశాం కదమ్మా" అన్నాడు జీవరాజు మెత్తగా.

రోసమ్మ చీపురు పుల్లలు నేలకేసి తట్టి సమం చేసుకుంది. వాటిని సమం చేయడానికి అంతసేపు పట్టదు.

"గా చివరి పళ్లెం ఎప్పుడు బోర్లించిన్రు?"

"మంగళవారం పొద్దుటి భోజనానికి."

ఈసారి ఆమె జీవరాజు వైపు చూడలేదు. రజిత కళ్లలోకి చూసి చెప్పింది. జీవరాజుకి ఆ జవాబులో వింతేమీ కనిపించినట్టు లేదు. అప్పటికే విజయేందర్ గుమ్మం దగ్గర ఆవులిస్తున్నాడు.

"నీళ్లు తాగొస్త" అని చెప్పి రజిత బయటికి వచ్చింది.

తొట్టి దగ్గర ఇప్పుడు ఒక్క అమ్మాయే ఉంది, ఇందాక ముసలమ్మ వైపు చెయ్యి చాపి వెనక్కి తీసుకున్న పిల్ల. బూడిద ఊడ్చి కుప్ప చేస్తోంది. పేరు షెకీనా అని, గేటు పాల్ కూతురినని, ఇరవై నిండాయని అడిగిందానికల్లా పొడిపొడిగా చెప్పింది. రజిత చెంబు ముంచబోతూ ఆగింది. తొట్టి వెనక, నాపరాయి కింద, నాలుగు మడతలు పెట్టిన మోదుగాకు విస్తరి. ఒక కొస పైకి కనబడుతోంది. రాయి ఎత్తి మడత విప్పింది. నాలుగు మెతుకులు, గోంగూర పచ్చడి మరక. మెతుకులు ఇంకా మెత్తగానే ఉన్నాయి. ఈ పూటదే.

"గీ ఆకుల ఎవరు తిన్నరమ్మా?"

షెకీనా చీపురు ఆగింది. ఆవరణ ఆ చివర గోడకానుకుని రాతి కొట్టు ఒకటుంది. కిటికీ లేదు. గోడ అవతల మార్కెట్ లారీల హారన్లు ఆగకుండా మోగుతున్నాయి. ఆ పిల్ల కళ్లు అటు వెళ్లి వచ్చాయి.

"బోర్లించినవాళ్ల గొంతు వినకూడదండి. మాకు అదే నేర్పారు" అంది. "వినబడితే ఏం చెయ్యాలో మాత్రం నేర్పలేదు."

అంతే. బూడిద తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

తొమ్మిదీ యాభై అయిదుకి రజిత గేటు బయటికి వచ్చింది. రోడ్డుకి అవతలి పక్క ఆటోలో ప్రిసిల్లా కూర్చుని ఉంది. వెళ్లిపోయినవాళ్లు ఈ గేటు తొక్కకూడదు.

"రెండే మాటలు అడుగుత, మంచిగ యాది చేసుకొని చెప్పు. మనిషి పోయినంక పళ్లెం ఎప్పుడు బోర్లిస్తరు?"

"ఆ వెంటనే వచ్చే భోజనానికి. ఒక్క పూట కూడా ఆగరక్కా. మా మేనత్త కొడుకు ఆశీష్ మధ్యాహ్నం వెళ్లాడు, సాయంత్రం ఏడింటి భోజనానికి బోర్లించేశారు. మనిషి లేకుండా పళ్లెం తిన్నగా ఉంటే మంద అంతా కలిసి అబద్ధమాడినట్టు లెక్క."

"మీ చెల్లె సోమవారం ఆరింటికి పోయిందన్నరు. పళ్లెం మంగళవారం పొద్దుగాల బోర్లించిన్రు."

ప్రిసిల్లా ఆటో కమ్మీ పట్టుకుంది. "అంటే సోమవారం రాత్రి భోజనానికి అది లోపలే ఉంది."

"ఇంకోటి. విస్తరాకుల ఎవరికి పెడతరు?"

"తప్పు చేసినవాళ్లకి. శిక్ష తీరేదాకా వాళ్ల పళ్లెం అరలోనే ఎండుతూ ఉంటుంది, ఆకులోనే తినాలి. ఒకరి పళ్లెంలో ఇంకొకరికి పెట్టరు, ప్రాణం పోతున్నా సరే."

"అరల ఒక్కటి సుత ఎండిన పళ్లెం లేదు. అన్ని తడిగనే ఉన్నయి. అందరు తిన్నరు, అందరు కడుక్కున్నరు. అయినా పొద్దుగాల ఒకరు ఆకుల తిన్నరు."

"అరలో పళ్లెం లేని మనిషి" అంది ప్రిసిల్లా. "ఆ ఆకు నీకెక్కడ దొరికిందక్కా? తిన్న ఆకుని అప్పటికప్పుడే గుంట తీసి పూడ్చాలి. ఆ పని అమ్మదే. అమ్మ అలాంటివి మరిచిపోదు."

"మరిచిపోలేదు" అంది రజిత. "రాయి కింద పెట్టి కొస బయటికి ఉంచింది."

ప్రిసిల్లా ఆటో దిగబోయింది. రజిత ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది. "నువ్వొస్తే లొల్లి అయితది, వ్యాను ముందే పోతది. పదిన్నరకు అందరు ఒక్క కాడ కూసుంటరు. నాకు గా అందరు కావాలె. నా సెల్లు పాల్ దగ్గర ఉన్నది, నీ సెల్లు నుంచి వంద కొట్టి పోలీసోళ్లకు చెప్పు. వాళ్లు వచ్చేదాకా ఆటో ఇక్కడినుంచి కదలనియ్యకు."

పదిన్నర గంట మోగింది. వ్యాను దగ్గరి ఇద్దరు తప్ప మంద మొత్తం భోజనశాలలో చాపల మీద కూర్చుంది. ముందు పిల్లలు, ఎడమ పక్క ఆడవాళ్లు, కుడి పక్క మగవాళ్లు. పాల్ గేటుకి గొళ్లెం పెట్టి, గేటు కనిపించేట్టు గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. జీవరాజు పుస్తకం తెరిచాడు. రజిత గుమ్మంలోంచి నేరుగా ఆయన ముందుకి వెళ్లి నిలబడింది.

"నీ గడువు అయిపోయిందమ్మా."

"అయిపోయింది అయ్యగారూ. ఏం చూసిన్నో చెప్పి పోతా. దాపరికం లేదన్నరు గదా."

జీవరాజు పక్కన వేసిన కుర్చీలోంచి విజయేందర్ లేచాడు. "ఏయ్, ప్రైవేట్ జాగ ఇది. నీకు యూనిఫాం లేదిప్పుడు, మర్చిపోయినవా?"

"మీకు సుత లేదు సార్. కూసోండ్రి." ఆమె గొంతు పెంచలేదు. చాపల వైపు తిరిగింది. "జెరూషా సోమవారం సాయంత్రం ఆరింటికి పోయింది అంటున్నరు. అట్లయితే ఏడింటి భోజనానికే పళ్లెం బోర్లించాలె. గా రాత్రి ఆమె పళ్లెం అరల తిన్నగనే ఉన్నది. మీరందరు చూసిన్రు. మనిషి లేకుంటనే పళ్లెం తిన్నగ పెట్టి మీ మందతోని అబద్ధం ఆడించిన్రా అయ్యగారూ? లేకుంటే మనిషి ఉన్నదా?"

పేరు వినగానే కొందరు మొహాలు తిప్పుకున్నారు. తిప్పుకున్నవాళ్లు కూడా వింటున్నారు. జీవరాజు పుస్తకం మీద వేలు పెట్టి అలాగే ఉన్నాడు. తనకి తెలిసిన క్రమంలో తను సరిగ్గానే చేశాడు. రాత్రంతా అడిగాడు, పిల్ల వంగలేదు, తెల్లారి పళ్లెం బోర్లించాడు. టికెట్టు, దాని మీద టైము విజయేందర్ తెచ్చినవి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని ఆయనకి తట్టలేదు.

"ఇగో, ఇది పొద్దుగాల తిన్న ఆకు." రజిత మడత విప్పి చూపించింది. "ఇక్కడ శిక్షల ఎవరన్న ఉన్నరా? ఉంటే చెయ్యెత్తున్రి."

ఎవరూ ఎత్తలేదు.

"కుక్కకు పెట్టిన్రేమో" అన్నాడు విజయేందర్.

"కుక్క తిన్నంక ఆకు నాలుగు మడతలు పెడ్తదా సార్?"

వెనక వరసలో ఎవరో కుర్రాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ గదిలో ప్రార్థనవేళ నవ్వు వినబడటం అదే మొదటిసారి కావచ్చు. పెద్దవాళ్లు ఉలిక్కిపడి చూశారు.

"రాతి కొట్టు తాళం తియ్యిన్రి అయ్యగారూ. బియ్యమే ఉంటే నేను మీ కాళ్లు మొక్కి పోతా."

జీవరాజు పుస్తకం మూశాడు. "తియ్యను. నువ్వు పోలీసు కాదు, కోర్టు కాదు. రోసమ్మా, కొట్టు తాళం ఇలా తీసుకురా."

రోసమ్మ ఆడవాళ్ల వరసలోంచి లేచింది. బొడ్డులోంచి గుత్తి తీసింది. జీవరాజు చెయ్యి చాపాడు. ఆమె ఆయన దాకా వచ్చి, ఆయన్ని దాటి, అరల దగ్గరికి వెళ్లింది. తన గాడిలోంచి తన పళ్లెం తీసింది. పైబల్ల అందడానికి మునివేళ్ల మీద లేచి, ఇద్దరు కూతుళ్ల పళ్లేల పక్కన దాన్ని బోర్లించింది. స్టీలు చెక్కకి తగిలిన చప్పుడు గదంతా వినిపించింది.

పళ్లెం బోర్లించడం పెద్ద ఒక్కడే చేసే పని. తన పళ్లెం తనే బోర్లించుకున్న మనిషి నలభై ఏళ్లలో లేదు. ఆమె తాళాలు పట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

"రోసమ్మా" అన్నాడు జీవరాజు.

బోర్లించిన మనిషి పేరు పెద్ద నోటి నుంచే వచ్చింది. ఆయనకి కూడా తెలిసింది. "అది చెల్లదు. నేను బోర్లించలేదు. ఆపండి" అన్నాడు. మెత్తటి గొంతు మొదటిసారి చిట్లింది.

చేతులు వణికే ముసలమ్మ అందరికన్నా ముందు కదిలింది. చాప మీద కూర్చున్నది కూర్చున్నట్టే గోడ వైపు తిరిగింది. ఆమె పక్కావిడ తిరిగింది. తర్వాత వరస మొత్తం. మగవాళ్లలో ఇద్దరు లేవబోయి, పైబల్ల వైపు చూసి, తలలు వంచుకుని మొహం తిప్పుకున్నారు. ఇన్నేళ్లూ ఆయన వాళ్లకి ఏ నియమాన్ని నేర్పాడో దాన్నే వాళ్లు పాటించారు. పిలవలేదు. ముట్టుకోలేదు. ఆపలేదు.

విజయేందర్‌కి ఆ నియమం లేదు. రెండంగల్లో గుమ్మం దగ్గరికొచ్చాడు. రజిత అప్పటికే గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"జరుగు రజితా."

"మంగళవారం పగటీలి పిలిచిన్రు అన్నరు గదా సార్ మిమ్ముల? సోమవారం సాయంత్రం అయిదూ ఇరవైకి గేటు రిజిస్టర్ల మీ సంతకం ఉన్నది. లోపలికి వచ్చిన్రు. అయిదూ యాభై అయిదుకు బయటికి పోయిన్రు. ఆరూ నలభైకి స్టేషన్ల టికెట్ కొన్నరు. టైముంటది అని మీరే చెప్పిన్రు. పిల్లను ఇంకా అడుగుతనే ఉన్నరు, మీరేమో ఆమెను అప్పుడే రైలెక్కించిన్రు."

ఆయన కళ్లు గేటు వైపు వెళ్లాయి.

"పోయి చింపుతరా? చింపున్రి. పాల్ గారు చూస్తనే ఉన్నరు. ఆయన అబద్ధం రాయరట."

విజయేందర్ కదల్లేదు. ఆయన చేతిలో సెల్లు మోగుతోంది, చూసుకోలేదు.

ఆవరణ చివర తాళం తీసిన చప్పుడు. రాతి కొట్టు తలుపు తెరుచుకుంది. చాలాసేపు ఎవరూ బయటికి రాలేదు. అంతలో ఒక సన్నటి పిల్ల గుమ్మంలో నిలబడి ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తల మీద ముసుగు లేదు. తెల్లబట్టలు మూడు రోజుల మట్టి పట్టి ఉన్నాయి. తల్లి ఆమె మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ వ్యాను పక్కనుంచి నడిచారు. బస్తాలు ఎక్కిస్తున్న మనుషులిద్దరూ చేతుల్లో బస్తా అలాగే పట్టుకుని ఆకాశం వైపు చూశారు. భోజనశాల ముందుకి వచ్చినప్పుడు జెరూషా ఆగింది. లోపల గోడ వైపు తిరిగి ఉన్న అరవై వీపుల్ని చూసింది. మందలో ఇటు తిరిగి ఉన్న ఒకే ఒక్క మొహం జీవరాజుది. ఆయన కళ్లు దించేదాకా ఆ పిల్ల అక్కడే నిలబడింది. ఆ తర్వాతే కదిలింది.

"పాల్, గేటుకి తాళం వెయ్" అన్నాడు జీవరాజు.

పాల్ అప్పటికే గేటు దగ్గర ఉన్నాడు. మొహం గోడ వైపు తిప్పుకుని, ఒక చెయ్యి గొళ్లెం మీద పెట్టుకుని ఉన్నాడు. "ఎవరి కోసం వెయ్యాలి అయ్యగారూ?" అన్నాడు. "ఎవరూ లేరు కదండీ."

గొళ్లెం తీశాడు. తల్లీకూతుళ్లు అతని పక్కనుంచి బయటికి నడిచారు. రోడ్డు అవతల ఆటోలోంచి ప్రిసిల్లా దూకి పరిగెత్తుకొచ్చింది. దూరంగా సైరన్ వినబడుతోంది. విజయేందర్ కుర్చీలో కూలబడ్డాడు.

పాల్ గేటు మూయబోతున్నాడు. అప్పుడు భోజనశాలలోంచి ఇంకోసారి స్టీలు చెక్కకి తగిలిన చప్పుడు వినబడింది.

అతని చెయ్యి ఆగిపోయింది. ఎవరి పళ్లెమో తిరిగి చూడలేడు. రజిత చూసింది. షెకీనా గుమ్మం దిగుతోంది. చేతులకి ఇంకా బూడిద ఉంది. ముసుగు విప్పి, మడత పెట్టి, గుమ్మం మీద పెట్టింది. ఆవరణ దాటుకుంటూ తండ్రి దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగింది. పాల్ గోడనే చూస్తున్నాడు. గేటు పట్టుకున్న చెయ్యి మాత్రం ఆమె వెళ్లడానికి సరిపోయేంత వెనక్కి జరిగింది.

ఆమె ఆ సందులోంచి బయటికి నడిచింది.